పాత లారీకి పెద్ద డైనమో ఎప్పుడు?



కుటుంబములకు అన్నము పెట్టే పనిముట్లను గురించి, వాటిని కాపాడుకొనే విధమును గురించి ఈ శీర్షికలో వ్రాస్తూ వస్తున్నాము. ఈ నెల ప్రశ్న జహీరాబాదు నుండి ఒక సహోదరి పంపినది. వారి ఇంటికి జీవనాధారము ఒక పాత చిన్న లారీ. భర్త నడుపుతారు, పెద్ద కుమారుడు తోడు వెళ్తాడు. ఆ ప్రాంతములో పండే అల్లము, ఆలుగడ్డ రాత్రి ఎక్కించుకొని తెల్లవారేసరికి సుమారు వంద కిలోమీటర్ల దూరములోనున్న హైదరాబాదు మార్కెట్టుకు చేర్చాలి. కొంతకాలముగా బండి హెడ్‌లైట్లు ఎర్రగా, మసకగా వెలుగుతున్నవి. వానలో వైపరు వేస్తే ఇంకా తగ్గిపోతున్నవి. శనివారము సాయంకాలము నిలిపిన బండి సోమవారము ఉదయము స్టార్ట్ కాదు. వీధిలోని పిల్లలను పిలిచి తోయించాలి.

"పాత డైనమో తీసివేసి పెద్దది వేయిస్తే అన్నీ పోతాయని షెడ్డులో చెప్పారు. చేతిలో ఉన్నది అమ్మాయి కాలేజీ ఫీజు డబ్బు. దానిని దీనికి పెట్టమంటారా? వారిద్దరు బయలుదేరిన రాత్రి నాకు నిద్ర ఉండదు" అని ఆమె వ్రాశారు.

అమ్మా, మీ ప్రశ్నకు మా జవాబు మొదటనే చెప్పుచున్నాము. ఫీజు కట్టివేయండి. పెద్ద డైనమో అవసరమో కాదో తెలుసుకోవడానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. వాటికి కొన్ని వందల రూపాయలు, ఒక రోజు ఓపిక చాలును. అయితే లైట్లు సరి అయ్యేవరకు రాత్రి ప్రయాణము మానివేయండి. తెల్లవారిన తర్వాత బయలుదేరితే మార్కెట్టులో ధర కొంత తగ్గవచ్చును. ఆ నష్టమును భరించవచ్చును. ఈ మాట ఎందుకు చెప్పుచున్నామో క్రింద వివరిస్తాము.

జహీరాబాదులో చిన్న లారీలు

జహీరాబాదు వారికి లారీ కొత్త వస్తువు కాదు. 1980ల మధ్యకాలములో జపాను కంపెనీల సహకారముతో మన దేశములో చిన్న లారీల తయారీ ప్రారంభమైంది. డి.సి.ఎం. టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి ఒక్కొక్క రాష్ట్రములో వచ్చాయి. మన రాష్ట్రములో హైదరాబాదు ఆల్విన్ కంపెనీ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో కర్మాగారము పెట్టింది. అక్కడ తయారైన క్యాబ్‌స్టార్ బండ్లు ఆ రోజులలో మన రోడ్ల మీద బాగా తిరిగాయి. తరువాత ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చింది. ఆనాడు మెదక్ జిల్లాలో ఉన్న జహీరాబాదు 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఊరి ప్రక్కన పోవు తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 65వ నంబరు అయింది. ఆ రహదారి మీద వాహనములు ఎన్నో రెట్లు పెరిగాయి, వేగము పెరిగింది.

పాత బండ్లు తయారైన రోజులలో వాటి మీద ఉన్న విద్యుత్తు భారము కొద్దిది: రెండు హెడ్‌లైట్లు, వెనక లైట్లు, ఇండికేటర్లు, హారను, వైపరు. తరువాత ఒక్కొక్కటిగా పాటల పెట్టె, ఫ్యాను, పొగమంచు లైట్లు, ఫోను ఛార్జరు వచ్చి చేరాయి. చేర్చిన ప్రతి ఒక్కరు దగ్గరలో కనబడిన వైరును కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి వెళ్లారు. ముప్పది సంవత్సరముల ఎండ, వాన, ధూళి వాటి మీద పడ్డాయి. ఇప్పుడు లైటు మసకబారితే నేరమంతా డైనమో మీద పడుతున్నది.

డైనమో లోపల జరిగేది

మనమందరము డైనమో అని పిలిచే వస్తువు నిజానికి ఆల్టర్నేటర్. షాపులో అడిగేటప్పుడు ఆ పేరే చెప్పండి. అసలైన పాత డైనమో వేరే రకము. ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు అది దాదాపు ఛార్జి చేయదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లో తన వాలియంట్ కారుకు ఆల్టర్నేటరును పెట్టిన తర్వాత క్రమముగా అన్ని వాహనములకు అదే వచ్చింది.

ఈ రెండింటికి మూలమైన సూత్రమును కనుగొన్నవాడు ఇంగ్లండు దేశస్థుడైన మైకేల్ ఫారడే. ఆయన ఒక కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టే దుకాణములో పని నేర్చుకున్నాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంతమును కదిలిస్తే తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో నిరూపించాడు. ఆయన సాండమేనియన్ అను ఒక చిన్న క్రైస్తవ సంఘములో పెద్దగా సేవ చేసినవాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. మన లారీ బెల్టు తిరిగినప్పుడెల్లా ఆయన కనుగొన్న సంగతియే జరుగుచున్నది. లోపల తిరిగే చుట్టకు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్ది కరెంటు అందుతుంది. అది అయస్కాంతమై తిరుగుతుంటే చుట్టూ ఉన్న చుట్టలలో కరెంటు పుట్టుతుంది. డయోడ్లు దానిని బ్యాటరీకి తగినట్లు ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. రెగ్యులేటరు, అనగా మన మెకానిక్కులు కటౌటు అని పిలిచేది, వోల్టేజీ హద్దు దాటకుండా చూస్తుంది.

ముందు లెక్క వేయండి

ఆల్టర్నేటరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని వ్రాసి ఉంటుంది. కొన్ని లారీలు 12 వోల్టులవి, మరికొన్ని 24 వోల్టులవి. మేము ఇక్కడ 12 వోల్టుల లెక్క చెప్పుచున్నాము. 24 వోల్టుల బండికి బ్యాటరీ, ఛార్జింగు వోల్టేజీ అంకెలు రెట్టింపు చేసుకోండి.

హెడ్‌లైట్లు రెండింటికి 120 వాట్లు అనుకోండి. వెనక లైట్లు, సైడు లైట్లు, మీటరు లైట్లు కలిసి 40. వైపరుకు 50. ఫ్యానుకు 40. పాటల పెట్టె, ఫోను ఛార్జరుకు 30. మొత్తము 280 వాట్లు. దానిని ఛార్జింగు వోల్టేజీ 14తో భాగిస్తే 20 ఆంపియర్లు. రెండు పొగమంచు లైట్లు 110 వాట్లు కలిపితే 390 వాట్లు, అనగా సుమారు 28 ఆంపియర్లు. ఆల్టర్నేటరు 35 ఆంపియర్లదైతే, బండి రోడ్డు మీద పరుగెత్తుచున్నప్పుడు ఈ భారమంతటిని అది మోయగలదు. అయితే ఇంజను నిలకడగా మెల్లగా తిరుగుచున్నప్పుడు ఆ 35 రాదు, అందులో కొంత భాగమే వస్తుంది. అందుచేత టోలుగేటు దగ్గర, ట్రాఫికులో ఆగినప్పుడు లైట్లు కొంచెము తగ్గి, బండి కదలగానే మరల పెరిగితే, అది పరిమాణము చాలకపోవుట కావచ్చును. వేగముగా పోతున్నప్పుడు కూడా మసకగానే ఉంటే లోపము వేరేచోట ఉన్నది. ఈ సహోదరి బండి సంగతి రెండవ రకమని ఆమె వ్రాసిన దానిని బట్టి తోచుచున్నది.

వోల్టేజీ కొద్దిగా తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. హెడ్‌లైటు బల్బుకు చేరవలసిన వోల్టేజీలో పదవ వంతు దారిలో పోతే, వెలుగులో దాదాపు మూడవ వంతు పోతుంది. 12 వోల్టులకు బదులు 10.8 మాత్రమే చేరితే, రోడ్డు మధ్య నిలిచిన ట్రాలీ గాని, ప్రక్కన నడిచే మనిషి గాని ఆలస్యముగా కనబడతారు. అందుకే రాత్రి ప్రయాణము ఆపమన్నాము.

తిరుగు దారి

ఇంటిలో ప్రతి బల్బుకు రెండు తీగలు ఉంటాయి. లారీలో సాధారణముగా ఒక్క తీగ కనబడుతుంది. కరెంటు బ్యాటరీ ప్లస్ నుండి ఆ తీగలో బల్బుకు పోయి, తిరిగి రావడానికి బండి ఇనుమునే దారిగా వాడుకుంటుంది. దీనినే ఎర్త్ అంటాము. పోయే తీగను అందరు చూస్తారు. తిరిగివచ్చే దారిని ఎవరు చూడరు. పాత బండ్లలో సగము రోగములు అక్కడే ఉంటాయి.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. క్యాబిను కూడా ఆలాగుననే. రబ్బరులో కరెంటు పోదు గనుక ఇంజను నుండి చాసిస్‌కు ఒకటి, క్యాబిను నుండి చాసిస్‌కు ఒకటి, బ్యాటరీ మైనస్ నుండి చాసిస్‌కు ఒకటి ఎర్త్ పట్టీలు ఉండాలి. క్యాబినును ముందుకు వంచి ఇంజను పని చేసే బండ్లలో ఆ పట్టీ వంగి వంగి తెగుతుంది. బోల్టు క్రింద తుప్పు చేరుతుంది, లేదా ఎవరో రంగు వేసి దాని మీదనే బిగిస్తారు. అప్పుడు కరెంటు వేరే దారి వెదకుకుంటుంది. యాక్సిలరేటరు కేబులు ద్వారా పోయి, ఆ కేబులు వేడెక్కి కాలిన బండ్లు కూడా ఉన్నవి.

ఎర్త్ లోపమునకు ఒక గుర్తు చెప్పుచున్నాము. ఇంటిలోని వారు ఎవరైనా బండి వెనుక నిలబడి చూడవచ్చును. వెనక లైట్లు వేసి, ఒక ప్రక్క ఇండికేటరు వేయండి. ఇండికేటరు వెలిగి ఆరిన ప్రతిసారి ప్రక్కనున్న ఎర్ర లైటు కూడా తగ్గి హెచ్చితే, ఆ లైటు డబ్బాకు ఎర్త్ సరిగా లేదు. తిరుగు దారి లేని కరెంటు ప్రక్క బల్బులోనుండి దారి చేసుకుంటున్నది. కొత్త డైనమో వేసినా ఇది మారదు.

మీటరుతో ఐదు పరీక్షలు

సాధారణమైన డిజిటల్ మల్టీమీటరు ఒకటి కొనండి, లేదా తెలిసినవారి దగ్గర అడగండి. ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసినా, ఈ అంకెలు మీరు దగ్గర నిలబడి వ్రాసుకోండి.

మొదటిది: రాత్రంతా నిలిపిన బండిలో, ఏదియు వేయకుండ, బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. 12.6 వస్తే నిండుగా ఉన్నది. 12.2 అయితే దాదాపు సగము. 12 గాని అంతకు తక్కువ గాని వస్తే ఇంచుమించు ఖాళీ.

రెండవది: ఇంజను స్టార్ట్ చేసి, కొంచెము రేజు చేసి అదే చోట చూడండి. 13.8 నుండి 14.4 వరకు ఉంటే ఆల్టర్నేటరు తన పని చేయుచున్నది. 13 కూడా దాటకపోతే ముందు బెల్టు బిగువు, తరువాత కార్బన్ బ్రష్‌లు, తరువాత డయోడ్లు చూడాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడినది. అది బ్యాటరీ నీళ్లను మరగబెట్టి బల్బులను కాల్చివేస్తుంది.

మూడవది: ఇంజను నడుస్తూ, లైట్లన్నీ వేసి, మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద పెట్టి, ఎర్ర తీగను వరుసగా ఇంజను ఇనుము మీద, చాసిస్ మీద, క్యాబిను మీద, హెడ్‌లైటు ఎర్త్ కొన మీద ఆనించండి. ఎక్కడైనా 0.2 వోల్టులకు మించి చూపితే, అంతకుముందున్న జాయింటు పాడైనది.

నాలుగవది: అదే స్థితిలో బ్యాటరీ ప్లస్ నుండి ఆల్టర్నేటరు లావు తీగ బోల్టుకు మధ్య, తరువాత బ్యాటరీ ప్లస్ నుండి హెడ్‌లైటు బల్బు కొనకు మధ్య చూడండి. మొదటి చోట 0.3, రెండవ చోట 0.5 దాటకూడదు. హెడ్‌లైటు దగ్గర ఒకటిన్నర, రెండు వోల్టులు పోవుచున్న పాత బండ్లు కలవు. పాత స్విచ్చిలోని అరిగిన కొనల గుండా కరెంటంతా పోవుటయే దానికి ముఖ్య కారణము. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టి, బ్యాటరీ నుండి ఫ్యూజుతో వేరుగా లావు తీగ ఇస్తే స్విచ్చి మీద భారము పోతుంది, పాత బల్బులే తెల్లగా వెలుగుతాయి. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని. దీనికి బదులు 100 వాట్ల బల్బులు వేయవద్దు. పాత తీగలు కరుగుతాయి, ఎదురుగా వచ్చే డ్రైవరు కన్ను చెదరుతుంది. అతనికి కూడా ఒక కుటుంబము ఉన్నది.

ఐదవది: సోమవారము ఉదయపు సమస్య. బండి అంతా ఆపి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకు బ్యాటరీకి మధ్య మీటరును ఆంపియర్ల స్థానములో పెట్టండి. ఆ సమయములో స్టార్టరు తిప్పవద్దు, లైట్లు వేయవద్దు, మీటరు పాడగును. ఇటువంటి పాత బండిలో ఒక ఆంపియరులో ఇరువదవ వంతు, అనగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. ఒక్క ఆంపియరు కారుచున్నదనుకోండి. అది 12 వాట్ల చిన్న బల్బు వెలిగినంతే. శనివారము సాయంకాలము ఆరు నుండి సోమవారము ఉదయము ఆరు వరకు 36 గంటలు, 36 ఆంపియర్ గంటలు పోయినట్లే. 75 ఆంపియర్ గంటల బ్యాటరీలో అది దాదాపు సగము. ఆదివారము బండి విశ్రమించుట వలన బ్యాటరీ పోలేదు. అందరు విశ్రమించిన దినమున కూడ లోపల ఏదో పని చేయుచున్నది. ఫ్యూజులు ఒక్కొక్కటి తీసి చూస్తూ పొండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోవునో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. ఏ ఫ్యూజు తీసినా పడకపోతే ఆల్టర్నేటరు తీగ విప్పి చూడండి. చెడిన డయోడు గుండా బ్యాటరీ తిరిగి ఖాళీ అవుట తరచు జరుగుతుంది.

శుభ్రపరచుట

ఈ పనులన్నింటిలో కొన్ని జాగ్రత్తలు మరువవద్దు. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు, బిగించేటప్పుడు మైనస్ తీగ చివర. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాని నుండి వచ్చే వాయువు మండుతుంది. తిరిగే బెల్టు దగ్గరకు చీర కొంగు, తువ్వాలు పోనియ్యవద్దు.

ఎర్త్ బోల్టులన్నీ విప్పి, లగ్గు క్రిందనున్న ఇనుమును, లగ్గును ఎమెరీ కాగితముతో మెరిసేవరకు రుద్దండి. గట్టిగా బిగించి, పైన వేజలీన్ పూయండి. తెగిన పట్టీలకు బదులు కొత్త రాగి పట్టీలు వేయండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లను కోసివేసి, లగ్గులు నొక్కించి పైన స్లీవు వేయించండి. ఒక మధ్యాహ్నములో అయ్యే పని. తరువాత మరల మీటరు పెట్టి, ముందు వ్రాసుకున్న అంకెలతో పోల్చి చూడండి. చాలా బండ్లలో ఇక్కడితోనే లైట్లు బాగుపడతాయి.

అప్పటికీ చాలకపోతే

అన్నీ శుభ్రమైన తర్వాత, లెక్క వేసిన భారము ఆల్టర్నేటరు బలమును నిజముగా మించుచున్నట్లయితే, లేదా అది పూర్తిగా అరిగిపోయినట్లయితే, అప్పుడు పెద్దది వేయండి. దానికి కూడా ఒక క్రమము ఉన్నది.

పాత 35 ఆంపియర్లకు వేసిన తీగ కొత్త 65 ఆంపియర్లకు చాలదు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లలో 60 ఆంపియర్లు పోతే, అర వోల్టు ఆ తీగలోనే పోతుంది. ముప్పది వాట్ల వేడి ఆ తీగలో పుట్టుచుండును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అది 0.2 వోల్టులకు తగ్గుతుంది. ఆ తీగకు బ్యాటరీ దగ్గర 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి. పెద్ద ఆల్టర్నేటరు, సన్న తీగ, ఫ్యూజు లేదు, ఈ మూడు కలిసినచోట బండి తగలబడుతుంది.

పుల్లీ పాతదానితో ఒకే వరుసలో ఉండాలి. బెల్టును మధ్యలో బొటనవ్రేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. పాత బండికి బయట రెగ్యులేటరు ఉండి, కొత్తదానికి లోపలనే ఉంటే, బయటిదాని తీగలు తెలిసినవానిచేత మార్పించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరియొకటి. డీజిలు ఇంజనులో బ్రేకు బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ దానంతట అదే పుట్టదు. అందుకు చాలా చిన్న లారీలలో ఆల్టర్నేటరు వెనుకనే వ్యాక్యూమ్ పంపు అమర్చి ఉంటుంది. దానికి ఇంజను ఆయిలు గొట్టము వస్తుంది. పెద్దదని చెప్పి పంపు లేని ఆల్టర్నేటరు తగిలిస్తే లైట్లు బ్రహ్మాండముగా వెలుగుతాయి, బ్రేకు పెడలు మాత్రము రాయివలె బిగుస్తుంది. నిండు సరుకుతో వాలు దిగేటప్పుడు అది తెలిస్తే ఏమగునో చెప్పనక్కరలేదు. పాతది విప్పకముందే దాని వెనుక భాగము చూడండి. పంపు ఉంటే, పంపు ఉన్నదే కొనండి.

వేసిన తర్వాత రెండు అలవాట్లు మానుకోవాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పి "ఛార్జి అవుతున్నదా" అని చూచుట పాత డైనమో కాలపు అలవాటు. ఆల్టర్నేటరులో అట్లు చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లు పోతాయి. ఆలాగుననే చాసిస్‌కు వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు తీగలను విప్పించండి.

ఎర్ర దీపము

మీటరు పలక మీద బ్యాటరీ బొమ్మ గల చిన్న ఎర్ర దీపము ఉంటుంది. తాళము తిప్పగానే వెలగాలి, ఇంజను స్టార్ట్ కాగానే ఆరాలి. ఛార్జింగు లేనప్పుడు అది వెలుగుతూ ఉంటుంది. కొందరు అది విసుగు పుట్టించుచున్నదని బల్బు పీకివేస్తారు. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి కొద్ది కరెంటు ఆ బల్బు ద్వారానే అందుతుంది. బల్బు లేకపోతే ఇంజను నడిచినా అది ఛార్జి మొదలు పెట్టదు, లేదా బాగా రేజు చేసిన తర్వాతనే మొదలు పెడుతుంది. తప్పు చూపే దీపమును ఆర్పినవాడు బలమిచ్చే దారిని కూడా మూసివేసినట్లగును.

హాయి పట్టణము ఎదుట

యెహోషువ గ్రంథము ఏడవ అధ్యాయము చదవండి. యెరికో వంటి పట్టణమును జయించిన ఇశ్రాయేలీయులు హాయి అను చిన్న పట్టణము ఎదుట ఓడిపోయారు. సుమారు మూడు వేలమంది వెళ్లి, ముప్పదియారుగురిని పోగొట్టుకొని పారిపోయి వచ్చారు. యెహోషువ బట్టలు చింపుకొని మందసము ఎదుట సాయంకాలము వరకు నేలను పడియున్నాడు. దేవుడు అతనికి అప్పుడే మరికొందరు సైనికులను ఇవ్వలేదు. లేచి, పాళెములో దాచబడినదేమో వెదకుమన్నాడు. అది ఒక గుడారములో నేల క్రింద పాతిపెట్టబడి ఉన్నది. పైకి చూచువారికి కనబడదు. దానిని తీసివేసిన తర్వాత, ఎనిమిదవ అధ్యాయములో, దేవుడు యోధులందరిని తోడుకొని పొమ్మని చెప్పాడు. పెద్ద సైన్యము వెళ్లుట తప్పు కాదు. అయితే దాచబడినది బయటపడిన తర్వాతనే దాని వంతు వచ్చింది.

మన కుటుంబములలో కూడా ఇట్లే జరుగుచున్నది. జీతము చాలుట లేదని ఇంకొక అప్పు తెస్తాము, నెలనెలా ఎక్కడ కారిపోవుచున్నదో లెక్క చూడము. ఇంటిలో సమాధానము లేదని పెద్ద పెద్ద కూటములకు వెళ్తాము, భార్యతో గాని తమ్మునితో గాని సంవత్సరములుగా తుప్పు పట్టియున్న మాటను విప్పి శుభ్రము చేయము. దేవుని యొద్దనుండి మనకు వచ్చునది ఎల్లప్పుడు కొరతగా లేదు. మన నుండి ఆయన యొద్దకు తిరిగి పోవలసిన దారి, అనగా కృతజ్ఞత, ఒప్పుకోలు, విధేయత, అక్కడ రంగు పూసి బిగించిన బోల్టులు ఎన్నో ఉన్నవి. బలము కొరకు ప్రార్థించుట మంచిదే. ప్రార్థించి లేచిన తర్వాత జాయింట్లు విప్పి చూచుట కూడా ఆ ప్రార్థనలో భాగమే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాము. బండి ముందు లైటు మన కొరకు, వెనక లైటు వెనుక వచ్చువాని కొరకు. మనము క్యాబినులో కూర్చుండి వెనక లైటును ఎన్నడు చూడలేము. అది ఆరిపోయినా మన దారి బాగానే కనబడుతుంది. అయినా రాత్రివేళ రోడ్డు మీద నిలిచిన బండిని వెనుకనుండి వచ్చి గుద్దుటకు అదే కారణమగుచున్నది. సరుకు బండికి ఎనిమిదేండ్లు నిండిన తర్వాత ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ పరీక్ష ఉన్నది. ఆ ఒక్క రోజు కొరకు లైట్లు బాగు చేయించి ఊరుకోవద్దు. బయలుదేరిన ప్రతి రాత్రి ఇంటివారిలో ఒకరు బండి వెనుక నిలబడి, "బ్రేకు నొక్కండి, ఇండికేటరు వేయండి" అని చెప్పి చూడండి. వెనుక ఎర్రని రిఫ్లెక్టరు టేపు అంటించండి. ఇల్లాలు గాని పిల్లలు గాని చేయగలిగిన పని ఇది. ఆ తరువాత చేతులు జోడించి ప్రార్థన చేసి పంపించండి.

రోడ్ల మీద రాత్రులు గడుపుచున్న మన సహోదరులందరిని ప్రభువు క్షేమముగా వారి ఇండ్లకు చేర్చును గాక. ఆమేన్.